బొల్లిదాని మెడలో చిట్టి

పుస్తకాల్లో సాహసం అని రాస్తారు. మా ఊళ్లో ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు. తెగువ అనేవాళ్లు. దాని పక్కనే తెగింపు అని ఇంకో మాట ఉండేది. రెండూ ఒక తల్లి బిడ్డలే గానీ, ఒకటి మొగవాళ్ల వాకిట్లో పెరిగింది, రెండోది ఆడవాళ్ల నెత్తిన పడింది. తెగువ ఉన్న మొగవాడి పక్కన నలుగురూ కూర్చుని చుట్ట కాల్చేవాళ్లు. ఆడమనిషిని 'తెగించింది' అన్నారంటే బావి దగ్గర ఆమె పక్కన ఎవరూ చేద వేయరు. ఈ తేడా నేను ఏ పంతులు దగ్గరా నేర్చుకోలేదు. గుట్టకు పోయి వచ్చిన నా నడక ఒక్కటే. దాన్ని మొదట తెగువ అన్న నోరే, ఏడాది తిరగకుండా తెగింపు అంది. ఆ నోరు మా అన్నది.

వయసు మీద పడితే కోపాలు చల్లారుతాయని చాలామంది నాకు చెప్పారు. నాకు ఎనభై దాటాయి. ఇంకా చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

మాది తిరుమలగిరి దిక్కు ఒక చిన్న పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. మేము వాటిని గొర్రెలు అనము, జీవాలు అంటాం. బాపుకు మోకాళ్లు పట్టేశాక మంద అన్న చేతికీ నా చేతికీ వచ్చింది. అన్న నాకంటే అయిదేండ్లు పెద్ద. పండగకు ఒక పొట్టేలు, దొర ఇంట్లో చుట్టాలు దిగితే ఒక పొట్టేలు, చలి మొదలు కాగానే కొత్త గొంగళ్లు, ఇవన్నీ అడగకుండానే మా ఇంటి నుంచి ఆ దొర ఉండే గడికి చేరాలి. ఇది వెట్టి అని, ఇక ఇవ్వొద్దని మా వాడలో మొదట నోరు విప్పింది మా అన్నే. దొరలకు ఎదురు నిలిచిన సంగంలో చేరాడు. అక్షరాలు కూడా సంగం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. మా వాడ మొత్తంలో చిట్టి రాయగలిగినవాడు అతనొక్కడే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

నాకప్పుడు పదిహేడేండ్లు. పెండ్లి మేనమామ కొడుకుతో ఖాయమై ఉంది. పెండ్లి కాని పిల్లలు మందను ఇంటి పొయ్యి పొగ కనిపించేంత దూరమే తోలుకుపోవాలని మాలో ఒక కట్టుబాటు. ఊరి చుట్టూ ఉన్న మెట్ట చెలకల దాకా సరే, వాగు దాటకూడదు. వాగు అవతల గుట్ట ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ గుట్టను చూస్తూ పెరిగాను. దాని అవతల ఏముంటుందో చూడాలని నాకు ఎంత ఉండేదంటే, అన్నం తింటూ కూడా అటే చూసేదాన్ని. అమ్మ నా నెత్తిన మొట్టేది.

ఒకరోజు పొద్దున దొడ్డి తడిక తీస్తుంటే అన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. జీవాల్నే చూస్తూ గొంతు తగ్గించి చెప్పాడు.

"గుట్ట మీదికి ఒక చిట్టి పోవాలె చెల్లె. మొగోడు పోతే పట్టుకుంటరు. నీకు తెగువ ఉంది. గీ పని నీతోనే అయితది."

నాకు అంతవరకు ఎవరూ ఏదీ ఉందని చెప్పలేదు. నోరు ఎక్కువ ఉందని చెప్పారు, కాలు నిలవదని చెప్పారు. తెగువ ఉందని చెప్పింది అతనొక్కడే. ఆ మాటను ఆ రోజంతా నోట్లో చప్పరించాను. నిజం చెప్పాలంటే నేను సంగం కోసం పోలేదు. దొర మీద పగతోనూ పోలేదు, ఆ పగ మా ఇంట్లో అందరికీ ఉన్నా. గుట్ట ఎక్కొచ్చు కాబట్టి పోయాను. నా ఆశను అన్న తెగువ అన్నాడు, నేను సరే అనుకున్నాను.

మొదట్లో చిట్టిని గొంగడి అంచులో పెట్టి కుట్టేదాన్ని. గొంగడిని నెత్తి మీద కొప్పెరగా వేసుకుంటే దూరం నుంచి చూసేవాళ్లకు మొగపిల్లాడో ఆడపిల్లో తెలియదు. ఒకరోజు వాగు దగ్గర నిజాం రజాకార్లు ఆపారు. గొంగడి లాగి, దులిపి, అంచు అంతా వేళ్లతో తడిమారు. ఆ రోజు చిట్టి లేదు కాబట్టి బతికాను. ఇంటికి వచ్చేదారిలో ఆలోచించాను. మనిషి ఒంటి మీద ఉన్నదాన్ని ఎవడైనా వెతుకుతాడు. గొర్రె ఒంటి మీద ఎవడు వెతుకుతాడు?

మా మందలో ఒక బొల్లిది ఉండేది. ఒళ్లంతా నలుపు, మొహం మాత్రం తెలుపు. మనిషి చెయ్యి వేస్తే బెదరదు, నేను ఎటు పోతే అటు వస్తుంది. దాని మెడ కింద ఉన్ని పిడికిలి లోతున ఉండేది. చిట్టిని బీడీలాగా చుట్టి, మైనం గుడ్డలో పెట్టి, నేను వడికిన నల్ల ఉన్ని దారంతో ఆ ఉన్ని కుదుళ్లలో ముడి వేసేదాన్ని. అమ్మ నేర్పిన ముడి అది, లాగితే బిగుస్తుంది గానీ ఊడదు. అన్నకు చెబితే నవ్వి నా వీపు తట్టాడు. ఏ గొర్రెకు కట్టావని మాత్రం అడగలేదు. అప్పుడు నాకది పట్టలేదు.

రెండోసారి ఆపినప్పుడు గొంగడి తీసి, జాకెట్టు అంచులు చూసి, సద్దిమూట విప్పి జొన్న గటకలో వేలు పెట్టి కెలికారు. బొల్లిది వాళ్ల బూట్ల పక్కనే గడ్డి కొరుకుతూ ఉంది. నాకు భయం వేయాలి కదా. నవ్వు వచ్చింది. ఆపుకోలేక దగ్గాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ దగ్గు గొంతులో కదులుతుంది. నా బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో అదొకటి.

గుట్ట మీద చిట్టి తీసుకునేది సంగం దళంలోని ఒక ఆడమనిషి. నాకంటే పదేండ్లు పెద్దది కావచ్చు. చీర గోచీ పెట్టి కట్టుకుని భుజానికి తుపాకీ తగిలించుకునేది. పేరు అడగొద్దని అన్న ముందే చెప్పాడు. ఆమె కూడా నన్ను అడగలేదు. నేను తెచ్చిన సద్దిలో సగం తినేది, ఎంగిలి చేత్తోనే బొల్లిదాని చెవులు రాసేది. గుట్ట అవతల ఏముందో ఆమే చూపించింది. పెద్దగా ఏమీ లేదు. ఇంకో వాగు, ఇంకొన్ని చెలకలు, దూరంగా తాడిచెట్లు. అయినా నేను చాలాసేపు చూశాను.

ఒకసారి ఆమె నన్ను భయం కాలేదా అని అడిగింది. లేదని గొప్పగా చెప్పాను.

"నాకైతే రోజూ భయమైతది" అంది. "పొద్దున లేస్తనే అయితది. మెల్లగ అలవాటైతది గని, పోదు."

తుపాకీ ఉన్న మనిషికి భయం ఏమిటని నాకు ఆశ్చర్యం వేసింది. దాని అర్థం తెలియడానికి నాకు ఇంకా కొన్ని నెలలు పట్టింది.

నిజాం మీద పోలీసు యాక్షన్ అయింది. రజాకార్ల పీడ పోయిందని ఊళ్లో మామిడాకులు కట్టారు, బెల్లం పంచారు. ఆ ఆకులు ఎండకముందే దొర గడికి తిరిగి వచ్చాడు. ఈసారి ఆయన వెనక మిల్ట్రీ లారీలు వచ్చాయి. సంగం వాళ్లు పంచుకున్న భూములు తిరిగి లాక్కున్నారు. పక్క ఊళ్లో క్యాంపు పెట్టారు. సంగం మనిషి దొరికితే కొట్టుకుంటూ క్యాంపుకు తీసుకుపోయేవాళ్లు, అక్కడి నుంచి అందరూ తిరిగి రాలేదు. దళాలు గుట్టలు విడిచి నల్లమల వైపు, అచ్చంపేట అడవుల్లోకి పోతున్నాయని చెవిలో చెవిలో చెప్పుకునేవాళ్లు. అన్న ఇంటి పట్టునే ఉంటున్నాడు. పగలంతా అందరికీ కనపడేటట్టు మందలో తిరుగుతూ, గట్టిగా మాట్లాడేవాడు. సంగం విడిచానని చెప్పుకునేవాడు. ఇంకా దానితో పని ఉందని నాకూ బాపుకూ తప్ప ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. బాపుకు తెలిసింది కూడా సగమే, నేను గుట్టకు పోతున్నానని ఆయనకూ తెలియదు.

అలాంటి రోజుల్లో ఇంకొక చిట్టి ఇచ్చాడు. ఇదే ఆఖరిది అన్నాడు. పోయాను. గుట్ట మీద ఎవరూ లేరు. పొయ్యి రాళ్లు చల్లగా ఉన్నాయి. పొద్దు వాలేదాకా కూర్చుని, బొల్లిదాన్ని, దాని మెడలో చిట్టిని అట్లాగే వెనక్కి తోలుకొచ్చాను. తిరిగి తీసుకో అంటే అన్న వద్దన్నాడు. ఇండ్లు వెతుకుతున్నారు, ఇంట్లో ఉండొద్దు, అక్కడే ఉండనీ, ఎవరైనా వస్తే ఇద్దాం అన్నాడు. ఏ గొర్రె మెడలో అని అప్పుడూ అడగలేదు.

మా జీవాలకు ఏటా రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ముందు వాగులో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాత కత్తెర వేస్తారు. కత్తిరించేవాళ్లను బాపు అమావాస్య తర్వాత రమ్మన్నాడు. వాళ్లు పోవాల్సిన ఊళ్లో మిల్ట్రీ దిగిందని రెండు రోజులు ముందే మా ఊరికి వచ్చేశారు. పొద్దున వాళ్లు దిగగానే, నేను చిట్టి విప్పి తీసేలోపే, అమ్మ నన్ను అంబలి కాచి తెమ్మని ఇంటికి పంపింది. నేను కుండ నెత్తిన పెట్టుకుని వాగుకు వచ్చేసరికి సగం మందను కడిగి ఆరబెట్టేశారు. బొల్లిదాన్ని కాళ్లు కట్టి పడుకోబెట్టారు. దాని వెనక కాళ్లు పట్టుకున్నది మా అన్నే. అతనికి తెలియదు. అడిగి ఉంటే తెలిసేది.

నేను పరుగెత్తాను. ఆ ఒక్కదాన్ని విడిచిపెట్టండి, అది చూడిది అని అబద్ధం చెప్పాను. కత్తెర పట్టుకున్న ముసలాయన నవ్వి, అరవై ఏండ్ల నుంచి చూస్తున్నాను, నాకు చెబుతావా అన్నాడు. కత్తెర మెడ కిందికి పోయింది. దారానికి తగిలి ఆగింది. ఆయన వేలితో లాగాడు, ముడి ఊడలేదు. కోసి తీసి అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు.

ఆ దారం చూడగానే అమ్మ నా మొహం చూసింది. ముడి ఎవరిదో ఆమెకు చెప్పనక్కర్లేదు.

పోలీసు పటేలు అక్కడే ఉన్నాడు, తన వంతు ఉన్ని కోసం వచ్చాడు. మైనం గుడ్డ విప్పి చిట్టి అందరి ముందూ చదివాడు. ఇన్ని చిట్టీలు మోశాను గానీ, వాటిలో ఏముంటుందో నేను విన్నది అదే మొదటిసారి.

"మామ ఇంక రాలే. వచ్చేదాంక కదలొద్దు. పెండ్లి ఆగింది. కలిసే జాగ పాతదే. నా దిక్కుకెల్లి ఫికర్ చేయకు."

ఇవి సంగం మాటలు. మామ అంటే పైనుంచి రావాల్సిన పెద్దమనిషి. పెండ్లి అంటే ఏదో దాడి. ఇది నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు వాగు ఒడ్డున ఉన్నవాళ్లకు తెలిసిన మామ ఒక్కడే, నా మేనమామ. ముహూర్తం పెట్టుకోవడానికి ఆ వారమే రావాల్సి ఉంది. వాళ్లకు తెలిసిన పెండ్లి నా పెండ్లి. కలిసే జాగా ఎక్కడని ఎవరూ అడగలేదు. అప్పటికే ఒకరిద్దరు నన్ను వాగు అవతల చూశామని చెప్పడం మొదలుపెట్టారు.

కులపెద్దలు అక్కడికక్కడే కూర్చున్నారు. నన్ను నిలబెట్టారు. సగం కత్తిరించిన బొల్లిది నా కాళ్ల దగ్గర వణుకుతూ ఉంది. ఎవడు వాడు అని అడిగారు. నేను మాట్లాడలేదు. మాట్లాడితే అన్న ప్రాణం పోతుంది. పటేలు పక్కనే ఉన్నాడు, క్యాంపు కూతవేటు దూరంలో ఉంది. నేను అన్న వైపు చూడకుండా నేల చూస్తూ నిలబడ్డాను. ఏదో ఒకటి చెబుతాడని నమ్మకం. నేనే పంపిన అనకపోయినా, మా చెల్లె అట్లాంటిది కాదు అంటాడు, అది చాలు అనుకున్నాను.

కత్తెర ముసలాయనకే బుద్ధి పుట్టింది. "గీ పిల్లకు సదువు రాదు గద. సదువు రానిదానికి చిట్టి రాసెటోడు ఎవడు?" అన్నాడు.

మా వాడలో రాయడం వచ్చినవాడు ఎవడో అందరికీ తెలుసు. తలలన్నీ ఒక్కసారి అన్న వైపు తిరిగాయి. అప్పుడు నేనూ తలెత్తి చూశాను. చేతుల నిండా బొల్లిదాని ఉన్ని ఉంది. దాన్ని దులుపుకున్నాడు.

"నాకేం ఎరుక" అన్నాడు. "తెగించింది. వాగు దాటొద్దని ఎన్నిసార్లు చెప్పిన, ఇంటే గద."

పెద్దల మొహాలు తేలికపడ్డాయి. పటేలు కూడా ఊపిరి తీసుకున్నాడు. ఇది పిల్ల తప్పు అయితే క్యాంపుకు కబురు చేయక్కర్లేదు, ఊరు బతుకుతుంది. వాళ్లలో కొందరికైనా అసలు సంగతి తెలుసునని ఇప్పుడు అనుకుంటాను. అందరూ కలిసి నన్ను మధ్యలో పడేసి ఒడ్డెక్కారు. చిట్టిని ముసలాయన చుట్ట నిప్పుతోనే కాల్చేశారు. తప్పు కింద బాపు కులానికి అన్నం పెట్టాలన్నారు. ఆ అన్నానికి కోసింది బొల్లిదాన్నే. నా చేత్తో ఎవరికీ వడ్డించనియ్యలేదు.

మామ మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, లేకపోతే మా అన్నకు అన్యాయం చేసినదాన్ని అవుతాను. వాగు ఒడ్డున అతను అన్న మాటకు నేను అంతగా ఏడవలేదు. భయపడ్డాడు. తుపాకీ ఉన్న ఆమెకే భయం ఉన్నప్పుడు, చేతిలో ఉన్ని తప్ప ఏమీ లేనివాడికి ఎందుకు ఉండదు? ముందే నాతో ఒక్క మాట, ఇట్లా అనాల్సి వస్తుంది చెల్లె అని ఉంటే, ఆ నిందను నేనే నెత్తికెత్తుకునేదాన్ని. ఊరి కోసం, అతని కోసం. అది కూడా తెగువే కదా అని సంతోషపడేదాన్ని కూడా. ఇంటికి వచ్చాక చెబుతాడని ఎదురుచూశాను. అమ్మ నాతో మాట మానేసింది. బాపు నన్ను చూసి మొహం తిప్పుకునేవాడు. ఒక్క గోడ అవతల అన్న అన్నం తినేవాడు. తినేసి మందకు పోయేవాడు.

అమ్మకు నేనే చెప్పాను, ఆ చిట్టి అన్నదని. అమ్మ అన్నను అడిగింది. అతను ఏం చెప్పాడో నేను వినలేదు గానీ, వచ్చి నా చెంప మీద కొట్టింది. చేసింది చాలక అన్న మీద వేస్తావా, వాణ్ణి క్యాంపుకు పంపుతావా అంది.

మూడు నెలల్లో కొత్తకోట దిక్కున రెండో పెండ్లి సంబంధం చూశారు. మొదటి భార్య చనిపోయిన మనిషి. మా ఊరి మాట అంత దూరం పోలేదు కాబట్టి ఒప్పుకున్నారు. పోయే రోజు పొద్దున దొడ్డి దగ్గర అన్న ఒక్కడే ఉంటే పట్టుకున్నాను. ఊరికి వద్దు, కులానికి వద్దు, అమ్మకన్నా చెప్పమన్నాను.

"క్యాంపు ఎత్తేసినంక చెప్త. జర ఆగు చెల్లె" అన్నాడు.

ఆగాను.

కొత్తకోటలో నా పెనిమిటికి మొదటి వారంలోనే అంతా చెప్పాను. దాచిపెట్టి బతకడం నాకు రాదు. ఆయన జొన్నరొట్టె తింటూ విన్నాడు. విని, "గుట్ట ఎక్కినవా? ఎంత ఎత్తుంటది?" అని అడిగాడు. నా బతుకులో ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే. ఆ మనిషితో ముప్పై ఏండ్లు కాపురం చేశాను, ఒక్కరోజు కూడా బాధపడలేదు. మా బిడ్డ బడికి పోతుంటే దాని పలక పట్టుకుని నేనూ అక్షరాలు దిద్దాను. ముప్పై దాటినదానికి ఇదేం సరదా అని చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నేను మోసేదాన్ని ఇంకొకరు నాకు చదివి వినిపించే పని ఇక ఉండకూడదని నాకొక పంతం.

క్యాంపు ఎత్తేశారు. లారీలు పోయాయి. జైళ్లలో ఉన్నవాళ్లు ఇండ్లకు వచ్చారు. సంగంలో ఉన్నానని చెప్పుకోవడం గొప్ప అయింది. అన్న ఊళ్లో పెద్దమనిషి అయ్యాడు. బాపు పోయాడు, ఆ చిట్టి ఎవరిదో తెలియకుండానే పోయాడు. పండక్కి పుట్టింటికి పోయినప్పుడల్లా అన్న నాకు చీర పెట్టేవాడు, బస్సు దాకా వచ్చేవాడు. చెప్పావా అని నేను కళ్లతో అడిగేదాన్ని. అతను జీవాల సంగతో, వానల సంగతో మాట్లాడేవాడు.

అమ్మ పడకేసిందని కబురు వస్తే పోయాను. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేశారు. అన్న ఆమె తల ఒళ్లో పెట్టుకుని గ్లాసుతో నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి అమ్మ చెయ్యి చాపింది. ఆనాటి చెంపదెబ్బ తర్వాత ఇన్నేండ్లలో ఆమె నన్ను తనంతట తాను ముట్టుకున్నది అప్పుడే.

"వయసు గట్లాంటిది బిడ్డా" అంది. "నీ తప్పు నేను మర్చిపోయిన. నువ్వు గూడ మర్చిపో."

నేను అన్న మొహంలోకి చూశాను. క్యాంపు లేదు, పటేలు లేడు, దొర లేడు. గదిలో ఉన్నది మేం ముగ్గురమే. రెండే మాటలు, నేనే పంపిన అని. అమ్మ చెవి అతని నోటికి జానెడు దూరంలో ఉంది. అతను గ్లాసు అంచును తుండుగుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. అమ్మ మరుసటి రోజు పోయింది, నా తప్పును క్షమించి పోయింది. చేయని తప్పుకు క్షమ పొందడం ఎట్లా ఉంటుందో నేను చెప్పలేను. నాకు ఏడుపు రాలేదు. అమ్మ శవం దగ్గర ఏడవలేదని కూడా నన్ను ఆడిపోసుకున్నారు.

ఆ తర్వాత చాలా ఏండ్లు ఆ ఊరికి పోలేదు. తిరుమలగిరిలో పాత పోరాటం మనుషులకు సన్మానం చేస్తున్నారు, మామకు, అదే మా అన్నకు కూడా చేస్తారట, పోదాం అని మా బిడ్డ బలవంతం చేస్తే పోయాను. అన్నకు చేతికర్ర వచ్చింది. గొంతు మాత్రం అట్లాగే ఉంది. శాలువా కప్పారు, మైకు ఇచ్చారు. చిట్టీల సంగతి చెప్పాడు. గొంగడి అంచులో కుట్టడం చెప్పాడు. రజాకార్లు ఆపి సద్దిలో వేలు పెట్టడం చెప్పాడు. నేను వచ్చి కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతూ చెప్పిన మాటలవి, ఒక్కటి పోకుండా గుర్తుపెట్టుకున్నాడు. గొర్రె మెడలో చిట్టి కట్టడం చెప్పేసరికి జనం విరగబడి నవ్వి చప్పట్లు కొట్టారు. చెప్పిందల్లా నల్ల గొర్రె అని. బొల్లిది అని అతనికి ఇప్పటికీ తెలియదు.

"గుట్ట మీదికి ఎవలను పంపిన్రు తాతా?" అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు.

ఆ వయసులో కూడా, అంత జరిగాక కూడా, నేను ఎదురుచూశాను.

"ఎవలను పంపుత?" అన్నాడు. "నేనే పోయిన."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నా పక్కనున్న మా బిడ్డ. మామది ఎంత తెగువ అమ్మా అంది. దానికి నేనెప్పుడూ చెప్పలేదు, తల్లి మీద నింద ఉందని పిల్లకు ఎందుకని. తండ్రి ఉంటే చెప్పేవాడే, ఆయన అప్పటికే పోయాడు.

మీటింగు అయ్యాక అన్న ఇంటికి పోయాం. భోజనాలయ్యాయి. వసారాలో కోడళ్లు, మనుమలు, మా బిడ్డ కూర్చుని మామ చెప్పిన సంగతులే మళ్లీ చెప్పుకుంటున్నారు. అన్న నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరికి వేశాడు. మంచం మీద కూర్చుని భుజం మీది శాలువా తీసి నా భుజాల మీద కప్పాడు. నేల చూస్తూ అన్నాడు.

"నేనే పంపిన చెల్లె. నాకెరుక లేదా."

యాభై ఏండ్లు ఆగిన మాట. వింటే ఏమవుతుందో అని రకరకాలుగా అనుకునేదాన్ని. అది నా చెవి దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఇంతకాలం చెప్పలేదు అని అడగలేదు. ఆ జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి, నేనే అతని తరఫున ఎన్నోసార్లు చెప్పుకున్నాను.

"జర గట్టిగ చెప్పు అన్నా" అన్నాను. "బయట మా బిడ్డ ఉంది. దానికి వినపడేటట్టు చెప్పు."

అన్న తలుపు వైపు చూశాడు. అవతల పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. నోరు తెరిచాడు. తర్వాత చేతికర్ర తీసుకుని, దానికి అంటని దుమ్మును అరచేత్తో తుడవడం మొదలుపెట్టాడు.

నేను శాలువా తీసి నాలుగు మడతలు పెట్టి మంచం మీద ఉంచాను. తలుపు తీసి బయటికి వచ్చి, కొత్తకోట బస్సుకు టైము అవుతోందని మా బిడ్డతో చెప్పాను. కూర్చో, ఇంకా గంట ఉంది కదా అంది. కూర్చోలేదు. దారిలో నీకొకటి చెప్పాలి, నడువు అన్నాను.